పసుపుబండ

పాప నాలుక మీద ఆ పసుపు పెడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకు తెలియకుండా జరిగింది కాదు. "ఇంకొంచెం పెట్టత్తా, దగ్గుకు మంచిది" అన్నది కూడా నేనే. ఈ మాట ముందుగా రాసిపెట్టుకోవాలి. లేకపోతే తరవాత రాసేదంతా అత్త మీద నేరం మోపినట్టు తయారవుతుంది. పాప లోపలి గదిలో నిద్రపోతోంది. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపు రెండుసార్లు లేచి వెళ్ళి, దాని పొట్ట మీద చెయ్యి వేసి ఊపిరి చూసి వచ్చాను.

మేం ఉండేది హోసూరులో. మా ఆయన సూళగిరి దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తారు. పాపకు మూడున్నరేళ్ళు. నేను కృష్ణగిరిలో కెమిస్ట్రీతో డిగ్రీ చదివాను. ఆ చదువు ఇంట్లో చింతపండుతో రాగిచెంబు తోమేటప్పుడు తప్ప ఎక్కడా పనికి రాలేదు. పాప పుట్టిన తరవాత ఏ చిన్నదానికైనా భయపడే గుణం ఒకటి పట్టుకుంది. ఆ భయం కాస్త తగ్గుతుందని ఆదివారం పొద్దున్నే చెరువు చుట్టూ నడిచే ఒక చిన్న గుంపులో చేరాను. రిటైరైన బాటనీ లెక్చరర్ ఒకాయన ఆ గుంపును నడిపిస్తారు. అందరం ఆయనను సార్ అనే పిలుస్తాం. మొక్కనైనా పుట్టగొడుగునైనా తెంపకూడదు, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీయాలి, ముందు అది ఎక్కడ పెరుగుతోందో చూడాలి, రంగు అన్నిటికన్నా చివర చూడాలి అని ఆయన నేర్పారు. ఫోనులో మొక్కల పేర్లు చెప్పే యాప్ ఒకటి కూడా ఆయనే వేసి ఇచ్చారు. రెండేళ్ళలో నాకు చాలా పేర్లు తెలిశాయి. తెలిశాయని గర్వం కూడా వచ్చింది.

పోయిన శనివారం అత్తతో కలిసి ఆమె పుట్టింటికి వెళ్ళాం. అంచెట్టి దాటి ఇంకా లోపలికి, గుట్టల మధ్య ఇరవై ఇళ్ళ పల్లె. అక్కడ అత్త అన్న ఇల్లు, మేకలు, ఇంత రాగిచేను. పాపకు రెండు వారాలుగా దగ్గు. మందు తాగితే తగ్గుతుంది, ఆపితే వస్తుంది. ఆదివారం పొద్దున చిత్రాన్నం తిని, అత్తా నేనూ పాపా గుట్ట వైపు నడకకు బయల్దేరాం.

అత్తకు అరవై దగ్గర పడుతున్నాయి. అరిగిపోయిన రబ్బరు చెప్పులతో రాళ్ళ మీద నాకన్నా వేగంగా నడుస్తుంది. నేను పదడుగులకొకసారి ఆగి ఫోటో తీస్తున్నాను.

"ఆకు కనపడితే నిలబడతావు, పురుగు కనపడితే కూర్చుంటావు. ఇట్లయితే గుట్టే మన కాడికి రావల్ల" అంది. "మా అన్న మేకలు కూడా నీకన్నా బిరీన నడుస్తాయి."

"మేకలు తింటాయత్తా. నేను తినను కదా, ఫోటో తీసుకుంటాను."

"అవన్నా కడుపు నింపుకుంటాయి. నీ ఫోను ఎవురి కడుపు నింపుతుందో."

పాప మా ఇద్దరి మధ్య దగ్గుతూ నవ్వుతూ నడిచింది.

ఎండిన వాగు దాటి కొంచెం ఎక్కితే, రెండు బస్సులంత పెద్ద బండ ఒకటి ముందుకు వాలి ఉంటుంది. దాని కింద నీడ. వాన పడినా అక్కడికి చుక్క రాదు. ఆ నీడలో బండ గోడంతా పసుపు. నేల నుంచి మనిషెత్తు వరకు, ఇంటి తలుపంత వెడల్పున, అరచేత్తో రుద్ది రుద్ది పూసినట్టు. ఎండ తగలని చోట అంత మెరిసే పసుపు చూసి నేను నిజంగానే నోరు తెరిచాను. దాని మీద కుంకుమ బొట్లు ఉన్నాయి. కింద అగరబత్తుల బూడిద, ఎండిపోయిన పూలు, పిల్లల గాజులు.

"ఎంత పసుపు పూశారత్తా! ఎన్నాళ్ళ నుంచి పూస్తున్నారో" అన్నాను.

"ఎవురూ పుయ్యలేదమ్మా. అమ్మ తానే పూసుకునింది. మా అవ్వ చిన్నప్పుడు కూడా ఇట్లనే ఉండెనంట. మేము కుంకుమ పెడతాం అంతే, పసుపు తాకించే పని లేదు."

నేను నవ్వాను. నమ్మకం అనుకున్నాను. తరతరాలుగా ఎవరో ఒకరు పూస్తూనే ఉంటారు, ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, ఇక్కడ ఎండ లేదు కాబట్టి వెలవలేదు, అని నాకు నేనే కారణం చెప్పుకున్నాను. ఎవరూ పూయలేదని అత్త చెప్పింది కళ్ళతో చూసిన మాట. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. దాన్ని పక్కన పెట్టి నా డిగ్రీ చెప్పిన మాట విన్నాను.

పల్లెలో ఏ బిడ్డకు దగ్గు వచ్చినా, జ్వరం వచ్చినా, మొదటిసారి ఆ బండ దగ్గరికి తీసుకొచ్చినా, గోటితో కొంచెం గీరి నుదుట పెట్టి, గొంతుకు పూసి, ఒక చిటికెడు నాలుక మీద వేస్తారు. అది అక్కడి ఆనవాయితీ. అత్త మోచెయ్యి దాకా గాజులు పైకి తోసుకుని, గోరుతో గీరింది. పిండిలాగా రాలింది. పాప నాలుక చాపింది. మొహం ముడుచుకుని "చేదు" అంది. పసుపు చేదుగానే ఉంటుంది కదా అనుకుని నేను ఇంకొంచెం పెట్టమన్నాను.

ఆ తరవాత నాణెం ఆనించి ఫోటోలు తీయడంలో పడ్డాను. తిరిగి చూస్తే పాప రెండు అరచేతులూ బండకు రుద్ది, ఒక చెయ్యి నాకుతోంది. అత్త నవ్వుతోంది. చేతులు కడుగుదామని సీసాలో నీళ్ళు పోశాను. నీళ్ళు ఆ పసుపును తడపలేదు. చేమాకు మీద నిలిచినట్టు ముత్యాలై జారిపోయాయి. పసుపులో నూనె ఉంటుంది కదా, అందుకు అనుకున్నాను. దానికి కూడా నా దగ్గర కారణం ఉంది.

పన్నెండు దాటాక బస్సు దొరికింది. అది తప్పితే మళ్ళీ సాయంత్రం దాకా లేదు. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. అంచెట్టి దాటి కొండ ఎక్కేటప్పుడు ఒక మలుపులో ఫోనుకు టవర్ దొరికి, గుట్ట మీద తీసిన ఫోటోలన్నిటికీ యాప్ ఒకేసారి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. తంగేడు. ఉత్తరేణి. ఒక సాలెపురుగు. ఆ తరవాత పసుపుబండ ఫోటో. నాణెం పక్కన పెట్టిన అలవాటుకొద్దీ దాన్ని కూడా యాప్‌లో వేసి ఉంచాను. కింద వచ్చిన మాట: గోల్డ్ డస్ట్ లైకెన్. బంగారు పొడి లైకెన్.

లైకెన్ అంటే ఏమిటో సార్ చెప్పి ఉన్నారు. అది పాచీ కాదు, మొక్కా కాదు. ఒక రకం బూజూ ఒక రకం నాచూ కలిసి ఒకే ఒళ్ళుగా రాయి మీద బతకడం. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. అంటే మేం చూసింది పసుపు కాదు. ప్రాణం ఉన్నది. తానే పెరిగినది.

టవర్ ఇంకో రెండు నిమిషాలు ఉంది. ఆ రెండు నిమిషాల్లో చదవగలిగినంత చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది. పసుపు రంగు లైకెన్లలో కొన్నిటికి విషం ఉంటుందని, చలి దేశాల్లో ఒక రకాన్ని మాంసంలో కలిపి తోడేళ్ళను చంపేవారని ఉంది. పేజీ సగంలో ఉండగా టవర్ పోయింది.

"అత్తా, అది పసుపు కాదు."

"ఏది?"

"గుట్ట మీద పాపకు పెట్టింది. అది పసుపు కాదు. రాయి మీద పెరిగే ఒక రకం... పాచి లాంటిది."

అత్త నా వైపు చూడలేదు. కిటికీ లోంచి బయటికి చూస్తూ, "అమ్మను పాచి అంటావా" అంది. కోపం లేదు. వినకూడనిది విన్నట్టు నెమ్మదిగా అంది. కొంచెంసేపటికి, "నీ మొగుడికి చిన్నప్పుడు మూడు తూర్లు పెట్టినాను. బాగా ఉండాడు కదా?" అంది.

నేను పాపను లేపాను. లేవలేదు. మళ్ళీ లేపాను. కళ్ళు సగం తెరిచి మూసుకుంది. బస్సులో ఎప్పుడూ అలాగే నిద్రపోతుంది, కానీ ఆ రోజు ఎప్పటిలాగా అనిపించలేదు. ఊపిరి లెక్కపెట్టాను. మధ్యలో లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాను. తరవాతి మలుపులో పాప లేచి కూర్చుని నా చీర మీద వాంతి చేసుకుంది.

పసుపుపచ్చని వాంతి.

పొద్దున తిన్నది చిత్రాన్నం. అందులోనూ పసుపే. ఏ పసుపు ఏదో చూసి చెప్పడానికి లేదు. చీర కొంగులో ఆ మెతుకులు వెతికాను. కండక్టర్ పాత పేపరు తెచ్చి ఇచ్చి, "బిడ్డకు నిమ్మకాయ వాసన చూపించమ్మా, ఈ దారిలో పెద్దోళ్ళే వాంతి చేసుకుంటారు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. నాకు తోడేళ్ళు తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు.

మా ఆయనకు ఫోను చేశాను. షిఫ్టులో ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. మోగి మోగి ఆగిపోయింది.

హోసూరు దాకా ఆగలేకపోయాను. డెంకణికోటలో దిగి, బస్టాండుకు దగ్గరలో ఉన్న చిన్న ఆసుపత్రికి నడిచాం. నడిచాం అంటే నేను పరిగెత్తాను, అత్త బ్యాగులు మోసుకుంటూ వెనక వచ్చింది. డాక్టరమ్మ నడివయసు మనిషి. పాపను పడుకోబెట్టి, కళ్ళలోకి లైటు వేసి చూసి, ఛాతీ విని, అప్పుడు అడిగింది.

"ఏం తినింది?"

"పసుపు" అంది అత్త.

"పసుపు కాదు మేడమ్, లైకెన్" అన్నాను నేను.

"ఇద్దరూ కలిసి ఒకటి చెప్పండి" అంది డాక్టరమ్మ. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "వినండమ్మా. రాయికి పూసింది పూజ పసుపైతే, వాటిల్లో రంగులు కలుపుతారు, సీసం ఉంటుంది. దానికి రక్తపరీక్ష, అది ఒక దారి. గోడకు కొట్టే రంగైతే ఇంకో దారి. మీరు చెప్పేది నిజంగా రాతి మీద పెరిగిందైతే నేను దాని గురించి చదువుకోవాలి. ఏదో తేలితే నాకు సగం పని అయిపోతుంది. మిగిలి ఉందా, తెచ్చినారా?"

నేను తల అడ్డంగా ఊపాను. తెంపకూడదు, గీరకూడదు అని నేర్చుకున్న మనిషిని. నా దగ్గర ఫోటోలే ఉన్నాయి.

అత్త కొంగు ముడి విప్పింది. అందులో ఆకులో చుట్టిన పొట్లం. పక్కింటామె మనవడికి దగ్గని, ఆ పిల్లవాడి కోసం గీరి తెచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, అందరినీ ఒక చూపు చూసి, నడుముకు దోపుకున్న ఆకువక్క సంచి తీసింది.

"నిజం పసుపైతే సున్నం తగిలితే ఎర్రగా అవుతుంది. దిష్టికి ఎర్రనీళ్ళు ఎట్ల కలుపుతాము? పసుపులో సున్నం వేసే కదా? ఇంత చదివినావు, నీకిది తట్టలేదా?" అంది నాతో.

తట్టలేదు. కాలేజీలో పసుపు కాగితం క్షారంలో ముంచి ఎరుపు చేసింది నేనే. పాప పుట్టిన పదకొండో రోజు ఎర్రనీళ్ళు తిప్పి పోసింది కూడా మా ఇంట్లోనే. అయినా తట్టలేదు.

నర్సు ఒక స్టీలు పళ్ళెం ఇచ్చింది. అత్త దాని మీద చిటికెడు పొడి వేసి, సున్నపు డబ్బీలోంచి వేలితో ఇంత తీసి, రెండు చుక్కలు నీళ్ళు వేసి కలిపింది. పొడి ముందు నీళ్ళ మీద తేలింది. గట్టిగా నూరితే కలిసింది. మేం నలుగురం వంగి చూస్తున్నాం. ఇంకా రుద్దింది. సున్నంలో కలిసి లేతబడింది. పసుపుగానే ఉంది.

"సున్నం పాతది" అంది అత్త.

ఆమె లేచి, పళ్ళెం అక్కడే వదిలేసి బయటికి వెళ్ళింది. ఎదురుగా మెస్ ఒకటి ఉంది. కిటికీ లోంచి కనపడుతూనే ఉంది, ఆ వంటాయనతో చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ఆయన ఒక కాగితంలో ఇంత పసుపు పోసి ఇచ్చాడు. తిరిగి వచ్చి, అదే సున్నం, అదే పళ్ళెంలో మరో పక్క, అదే వేలు. తగలగానే ఎర్రబడింది. పారాణి పెట్టినట్టు.

అత్త ఆ రెండిటి వైపు చాలాసేపు చూసింది. ఎర్రగా ఉన్న వేలును కొంగుకు తుడుచుకుని, నేను ఆమె మొహం చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడింది.

నేను సార్‌కి ఫోను చేశాను. మూడోసారికి ఎత్తారు. ఏడుపు ఆపుకుంటూ చెప్పాను.

"పాప ఊపిరి ఎట్లా ఉంది? అది ముందు చెప్పు" అన్నారు.

"బాగుందంటున్నారు సార్."

"సరే. ఫోటోలో దాని అంచులు చూడు. ఆకుల్లాగా చిన్న చిన్న రేకులు ఉన్నాయా, ఉత్త పొడేనా?"

"ఉత్త పొడే సార్."

"వాన పడే చోటా?"

"కాదు. వాలిన బండ కింద."

"నీళ్ళు పోసి చూసినావా?"

పాప చేతులు కడగబోతే నీళ్ళు ముత్యాలై జారిన సంగతి చెప్పాను. అవతల ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. "రంగైతే తడిసిపోయేది. పసుపైనా తడిసేది. అది పొడి లైకెనే. గోడకు కొట్టే రంగు, సీసం, ఆ భయం లేదని డాక్టరుకు చెప్పు."

"విషమా సార్?"

అవతల ఆయన ఏదో పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"పేరులో సగమే నేను చెప్పగలను. మిగతా సగం సూక్ష్మదర్శిని కింద పెట్టి, రసాయనాలు వేసి చూస్తే గానీ తేలదు. ఈ లైకెన్ల కుటుంబంలో కొన్నిటికి ఒక చేదు ఆమ్లం ఉంటుంది. అది ఎక్కువ పోతే మంచిది కాదు. దీంట్లో ఉందో లేదో నాకు తెలీదు. తెలీదనే చెప్పు డాక్టరుకు. నేను ధైర్యం చెప్పినానని చెప్పొద్దు."

చేదు అని పాప అనింది. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. డాక్టరమ్మకు చెప్పాను.

ఆమె అంతా రాసుకుంది. ఎంత పోయి ఉంటుంది అంటే, అత్త రెండు వేళ్ళ కొసలు కలిపి చూపించింది. అంతకు రెండింతలు, ఆపైన చెయ్యి నాకింది అన్నాను. "తక్కువే. కానీ బిడ్డ చిన్నది. చీకటి పడే దాకా ఇక్కడే పెట్టుకుందాం. అరగంటకొకసారి ఊపిరి చూస్తాం" అని, అత్త వైపు తిరిగింది. "మీ ఊళ్ళో అందరు పిల్లలకూ పెడతారా అమ్మా?"

"అందరికీ. నేనూ తిన్నదాన్నే."

"ఎవరికీ ఏమీ కాలేదు?"

"ఎవురికీ ఏమీ కాలే" అంది అత్త, వెంటనే.

"బాగా ఆలోచించి చెప్పండి. మీరు చెప్పేదే ఇప్పుడు నాకు పుస్తకం."

అత్త చెయ్యి పాప మంచం కమ్మీ మీదికి వెళ్ళింది.

"మా చెల్లెలి బిడ్డ" అంది. "యాడాది కూడా నిండలే. దగ్గు. బస్సు లేదు అప్పుడు, మంత్రసాని తప్ప ఎవురూ లేరు. వారం పొద్దులు పెట్టినాము. పొద్దున, సాయంత్రం. తగ్గలేదని ఇంగా పెట్టినాము."

"ఏమైంది?"

"పోయింది."

"జ్వరం ఉండిందా?"

"ఉండె. జ్వరమనే అనుకుంటిమి." కమ్మీని అలాగే పట్టుకుని, "నేనే గీరి ఇచ్చేదాన్ని. చెల్లెలికి చేతకాదు, బాలింత కదా" అంది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అప్పట్లో ఊపిరితిత్తుల జ్వరానికి చాలామంది పసివాళ్ళు పోయినారమ్మా. ఇది అదే అయ్యుంటుంది. దీన్నిబట్టి ఏదీ చెప్పలేం" అంది. మంచి మనిషి. కానీ అత్తకు ఆ మాటలు అందినట్టు లేదు. బయటి బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంది.

నేను మంచం పక్కనే ఉన్నాను. పాప నిద్రపోతూ దగ్గుతోంది. దగ్గినప్పుడల్లా బతికే ఉందని ధైర్యం, ఎందుకు దగ్గుతోందని భయం. నాలుగు దాటాక మా ఆయన ఫోను చేశారు. చెబితే, "అది నాకూ పెట్టింది కదా అమ్మ" అన్నారు. సగం షిఫ్టులో బయల్దేరానన్నారు.

అత్త మీద నాకు కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా నాలుగు రకాల మాటలు మనసులో కూర్చుకున్నాను, మందులు వదిలేసి గీరిన పొడి పెడతారా అని. ఏదీ అనలేకపోయాను. ఎందుకంటే ప్రతి మాట చివరా "ఇంకొంచెం పెట్టత్తా" అన్న నా గొంతే వినపడింది.

అయిదున్నరకు పాప లేచింది. సెలైన్ పెట్టిన చెయ్యి చూసుకుని ఏడ్చింది. గట్టిగా, మామూలుగా, చెవులు చిల్లులు పడేలా. నర్సు నవ్వింది. తరవాత పాప ఇడ్లీ అడిగింది. రెండు తినింది, నిలుపుకుంది. ఏడింటికి డాక్టరమ్మ మళ్ళీ చూసి, "బస్సు వాంతే అయ్యుంటుంది. రేపూ ఎల్లుండీ గమనించండి, మత్తుగా ఉంటే తీసుకురండి" అని పంపించింది. ఆ పొట్లంలో మిగిలింది ఒక సీసాలో వేసి ఇచ్చింది, సార్‌కు పంపమని.

ఆలోగా మా ఆయన కూడా వచ్చేశారు. హోసూరుకు వచ్చే దారిలో అత్త ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మర్నాడూ అంతే. వంట చేసింది, పాపకు తల దువ్వింది, పక్కింటామె పసుపు గురించి అడిగితే తేలేదు అని చెప్పింది. మంగళవారం పొద్దున నేను పాపకు దగ్గుమందు పోస్తుంటే వచ్చి నిలబడింది.

"ఫోను ఇయ్యి. మా అన్నతో మాట్లాడల్ల."

నెంబరు నొక్కి స్పీకరు పెట్టి ఇచ్చాను. అవతల మేకల అరుపులు. అత్త అన్న గొంతు. శుక్రవారం తన మనవరాలిని మొదటిసారి బండ దగ్గరికి తీసుకుపోతున్నామని, రమ్మని చెప్పాలనే అనుకుంటున్నానని ఆయనే అన్నాడు. ఆ బిడ్డకు అయిదో నెల.

"నుదుట పెట్టండి. నోట్లో పెట్టొద్దండి" అంది అత్త.

"ఏంటికి?"

"నేను చెప్తా ఉండాను."

"ఏంటికే చెల్లీ? ఎవురన్నా ఏమన్నా అనిరా? టౌనులో ఉండి ఉండి నీకూ..."

"ఎవురూ ఏమీ అనలే. సున్నం వేసి చూసినాను. నా చేత్తో చూసినాను. అది పసుపు కాదు."

అవతల ఆయన నవ్వాడు. చెడ్డగా కాదు, చెల్లెలు చిన్నపిల్లలాగా మాట్లాడిందని నవ్వాడు. "పసుపు కాకపోతే మరేంది? మనం తిని పెరిగినాము కదే."

"మనం పెరిగినాము. అందరూ పెరగలే" అంది అత్త.

నవ్వు ఆగిపోయింది. ఇద్దరికీ ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసు.

"గురువారం వస్తాను. నేను వచ్చేదాకా బిడ్డను గుట్టకు తీసుకపోవద్దండి" అని ఫోను నా చేతికిచ్చి, ఆపడం ఎలాగో తెలియక అలాగే నిలబడింది. నేను ఆపాను.

"నువ్వూ రావల్ల" అంది నాతో. "నేనొక్కదాన్నే చెప్తే, ముసల్ది అమ్మ మీద అలిగినాది అంటారు. నువ్వొక్కదానివే చెప్తే, నాలుగచ్చరాలు చదివి మాకు చెప్పొచ్చిందని నవ్వుతారు."

"వాళ్ళు అది విషమా అని అడిగితే ఏం చెప్పను? నాకే తెలీదత్తా. సార్‌కే తెలీదు."

"తెలీదనే చెప్పు."

రేపు గురువారం. పొద్దున ఆరున్నరకు బస్సు. సార్‌కు పంపిన సీసా ఇంకా ఎవరి బల్ల మీదో ఉంది, పేరులో మిగతా సగం రాలేదు. మా ఆయనకు షిఫ్టు, పాపను వదిలి వెళ్ళడానికి ఎవరూ లేరు, తీసుకెళ్ళాలి. దాని దగ్గుమందు, ఓఆర్ఎస్ పొట్లాలు, డాక్టరమ్మ నెంబరు రాసిన చీటీ బ్యాగులో పెట్టాను. అదే దారి, అవే మలుపులు.

ఆ పల్లెలో అరుగు మీద కూర్చుని ఇరవై ఇళ్ళవాళ్ళ ముందు ఏం చెప్పాలో ఇందాకటి నుంచి ఈ కాగితం వెనకవైపు రాసి కొట్టేస్తున్నాను. విషం అని రాస్తే అబద్ధం. ఏమీ కాదు అని రాసినా అబద్ధమే. లైకెన్ అంటే ఎవరికీ అర్థం కాదు. చివరికి మిగిలింది ఇంతే: అది తానే పూసింది, ఎవరూ పూయలేదు, మీరు చెప్పిందే నిజం. అదేమిటో మాకు ఇంకా తెలీదు. తెలిసేదాకా పసిబిడ్డ నోట్లో పెట్టకండి.

పక్క గదిలో అత్త ఇంకా నిద్రపోలేదు. లేచి పాప దగ్గరికి వెళ్ళిన అలికిడి వినపడుతోంది. ఆమె కూడా ఊపిరే చూస్తోంది.